శుక్రవారం మనిషి

అక్రా నుంచి ఫోను వచ్చేసరికి మాన్సా వాకిట్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని అరటిపండు ముక్కలు వేయిస్తోంది. ఒక పక్క ఎర్రబడ్డాయి. రెండో పక్కకి తిప్పబోతూ ఫోను చెవికి ఆనించుకుంది. అవతల ప్రచురణ సంస్థ ఆవిడ కుశలప్రశ్నలేవీ లేకుండా, "మీ నవల మేం వేస్తున్నామమ్మా" అంది.

"సరేనండి" అంది మాన్సా, పక్కవాటా వాళ్లు గుప్పెడు బొగ్గులు బదులడిగితే ఇస్తానన్నట్టు.

ఆవిడ ఇంకా చెబుతోంది. తమ దగ్గరున్న ఎడిటర్లిద్దరూ మానేశారట. రాతప్రతిని రచయితే బయట మంచి ఎడిటరుకి చూపించి, దిద్దించి, నెలాఖరులోగా పంపాలట. ఖర్చు రచయితదేనట. ఆలస్యమైతే ఇంక వచ్చే ఏడాది మాటేనట. మీ కేప్‌కోస్ట్‌లో మిసెస్ బ్రూ ఉన్నారు కదా, ఆవిడ చూశారంటే మేం మళ్లీ చూడక్కర్లేదు అని చెప్పి పెట్టేసింది.

ముక్కలు మాడాయి. ఆ వాసనకి స్నానాల గదిలోంచి ఎబో తల బయటపెట్టి ఏం కాలుతోందని అడిగాడు. పుస్తకం అంది మాన్సా. సంగతి అర్థమయ్యాక, పెళ్లయి మూడు నెలలే అయిన మొగుడు కనక, సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చి ఆమెని ఎత్తి గిరగిరా తిప్పాడు. వాకిలి చుట్టూ ఉన్న వాటాల తలుపులన్నీ తెరుచుకున్నాయి. మా ఆవిడ పుస్తకం రాసింది, అక్రా వాళ్లు వేస్తున్నారు అని ఒక్కొక్క గుమ్మానికీ చెప్పాడు. మూలవాటా ముసలి టైలరు మాడిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని, పుస్తకం తియ్యగానే ఉందన్నాడు.

మాన్సా నవ్వింది. భుజం మీద అంటిన నురగ తుడుచుకుంది. అరచేతులు మాత్రం ఐసు పట్టుకున్నట్టు చల్లబడిపోయాయి.

రాసినన్నాళ్లూ ఈ భయం లేదు. ఎవరూ వెయ్యరులే అన్న ధైర్యం ఉండేది.

ఆ నవలలో ఒక స్త్రీ ఉంది. మాన్సా ఆమెకి ఎసి అని పేరు పెట్టింది. నిజంగా ఉన్న మనిషి పేరు ఎసి కాదు, ఎఫువా. మాన్సా వాళ్లమ్మకి అక్క, మాన్సాని చదివించిన పెద్దమ్మ. చేపలు పొగబెట్టి అమ్మేది. మాన్సా పిన్ని కొడుకు జోజో ఒక పొద్దున ఎఫువాతో వాదులాడి పడవెక్కాడు. పడవ తిరిగి వచ్చింది, జోజో రాలేదు. ఎఫువా చేతబడి చేసిందన్నాడు క్వమెనా మామయ్య. ఆయన వంశపెద్ద. ఆయన మాట మీద మాట లేదు. ఎఫువా పెద్దమ్మ ఇల్లు వదిలి సాల్ట్‌పాండ్ ఊరికి వెళ్లిపోయి రోడ్డు పక్కన మొక్కజొన్న పిండి కెంకీ ఉండలు అమ్ముకుంటోంది. మాన్సా వాళ్లమ్మ మటుకు ఇంకా ఆ వంశం ఇంట్లోనే, ఆ మామయ్య ఇచ్చిన గదిలోనే ఉంటోంది.

నవలలో మాత్రం మామయ్య తన తప్పు తెలుసుకుని, ఎసిని వెతుక్కుంటూ వెళ్లి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. చివరి అరవై పేజీలూ అదే కథ. ఆ అరవై పేజీల వెనక తనూ అమ్మా దాక్కోవచ్చని మాన్సా అనుకుంది. ఇప్పుడు అచ్చులో వస్తుందనగానే అవి తడిసిన దోమతెరలాగా అనిపించాయి. ఇటు నుంచి చూస్తే అటున్నది స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎందుకలా ఉన్నావు?" అన్నాడు ఎబో.

"ఆకలేస్తోంది" అంది.

ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు ఉంది కదా, ఎడిటరుకి అది సరిపోతుందిలే అన్నాడతను. ఎబో పనిచేసేది చేపల కోల్డ్‌స్టోర్‌లో. ఊళ్లో చేపలన్నిటినీ చల్లగా ఉంచేవాడి ఇంట్లో మంచినీళ్లు మటుకు గోరువెచ్చగా ఉంటాయని వాటాల్లో నవ్వుకునేవాళ్లు. ఇంకో ఏడాది గోరువెచ్చగా తాగుదాం అన్నాడు. ఆ మాటకి మాన్సాకి మొగుడి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, భయం కాసేపు పక్కకి తప్పుకుని దారిచ్చింది.

*

సోమవారం పొద్దున నవల రాతప్రతులు రెండూ సంచిలో వేసుకుని ఆ ఎడిటరు ఇంటికి కొండ ఎక్కింది. మిసెస్ బ్రూ పాఠ్యపుస్తకాల అచ్చాఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మెడలో ఒకే తాడుకి రెండు కళ్లజోళ్లు వేలాడుతుంటాయి, ఒకటి అక్షరాలకీ, ఒకటి మనుషులకీ. వరండాలో బల్ల మీద చెక్కిన పెన్సిళ్లు, ఒక రబ్బరు, వంటింట్లో గుడ్లు ఉడికేటప్పుడు పెట్టుకునే మీట గడియారం ఉన్నాయి. లోపల పొయ్యి మీద వేరుశనగ పులుసు మరుగుతోంది.

ఆవిడ కాగితాల కట్టని చేతిలోకి తీసుకుని, చేపలమ్మే మనిషి బరువు చూసినట్టు రెండుసార్లు ఎగరేసింది.

"ఇదంతా నా మీద పడేస్తే మీ ఆయన పనిచేసే కోల్డ్‌స్టోరు తాకట్టు పెట్టాలమ్మాయ్."

మాన్సా క్షమించండి ఆంటీ అంది.

"క్షమించడానికి కూడా గంట లెక్కే నాకు" అని మిసెస్ బ్రూ కూర్చోమని కుర్చీ చూపించింది. ఎడిటరుని చవగ్గా వాడుకోవడం ఎలాగో ఏ బళ్లోనూ చెప్పరని మొదలుపెట్టింది. కొత్త రచయితలు భయంతో ఉన్నదంతా తెచ్చి కుమ్మరిస్తారు. తాము చెయ్యగలిగిన పనికి కూడా డబ్బిచ్చి, చెయ్యలేని పని దగ్గరికొచ్చేసరికి డబ్బయిపోయి చేతులెత్తేస్తారు. "ఉతకని చొక్కాని ఇస్త్రీకి ఇవ్వకూడదు" అంది చివరికి. "ముందు పది పేజీలు చాలు. అవి చూస్తాను. నీ తప్పులేమిటో తెలుస్తాయి. మిగతా పేజీల్లో వాటిని నువ్వే ఏరుకో. అప్పటికీ మిగిలినవి ఉంటే నా దగ్గరికి రా."

గడియారం మీట తిప్పి చదవడం మొదలుపెట్టింది.

ఆ గడియారం చప్పుడు మాన్సా చెవులకి గుండె చప్పుడు కన్నా పెద్దగా వినిపించింది. ఒకచోట పెన్సిలు ఆగింది. ఆగి, కాసేపు గాల్లో ఉండి, ఏమీ రాయకుండానే ముందుకి పోయింది. గీత పడినదాని కన్నా ఆ పడని గీతకి ఎక్కువ బెదిరిపోయింది మాన్సా. మధ్యలో పులుసు పొంగిన వాసనొస్తే మిసెస్ బ్రూ గడియారం ఆపి లోపలికెళ్లి, గరిటె తిప్పి, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ మీట తిప్పింది. పులుసు కలిపిన కాసేపూ నీ లెక్కలో వెయ్యనులే అంది.

అయ్యాక అక్షరాల కళ్లజోడు తీసి మనుషుల కళ్లజోడు పెట్టుకుంది.

"నీ కథలో ఎవరు ఏడ్చినా సముద్రం మూలుగుతుంది. ఇన్నిసార్లు మూలిగితే అది జీతం అడుగుతుంది. ఒకసారి ఉంచు, మిగతావి తీసెయ్. ఎవరు ఏ మాటన్నా, 'మెల్లగా అంది' అంటావు. ఊళ్లో అందరికీ గొంతు నొప్పా? చెప్పిందే వేరే మాటల్లో మళ్లీ చెబుతావు, పాఠకుడికి చెముడన్నట్టు. ఇవి మూడూ. మిగతా పుస్తకంలోనూ ఇవే ఉంటాయి. కొత్త తప్పులు చెయ్యడానికి మనిషికి బద్ధకం."

మాన్సాకి ఊపిరి తిరిగొచ్చింది. తప్పులంటే ఇవేనా అనుకుంది. పది పేజీలూ తీసుకుని లేవబోతుంటే మిసెస్ బ్రూ రెండో ప్రతి మీద చెయ్యి పెట్టింది.

"ఇది ఉంచి వెళ్లు. గడియారం పెట్టకుండా ఒకసారి ఆసాంతం చూస్తాను. ఒళ్లంతా చూడకుండా మందు చెప్పడం నాకు అలవాటు లేదు. గురువారం రా."

మాన్సా చేతులు ఆ కట్ట వైపు సాగి, మధ్యలో ఆగిపోయాయి. ఆ వయసు మనిషి చేతిలోంచి కాగితాలు లాక్కోవడం ఎలా? మిసెస్ బ్రూ ఈ కొండ కింద చేపల వాడలోనే పుట్టి పెరిగింది. ఏ పడవ ఎప్పుడు ఎవరిని వదిలేసి వచ్చిందో ఆవిడకి తెలియకుండా ఉండదు. దిగివస్తున్నంతసేపూ మెట్ల కింద ఎవరో తనకోసం నిలబడి ఉన్నట్టే అనిపించి, ప్రతి మలుపులోనూ ఆగి చూసుకుంది.

*

మంగళవారం సముద్రం మీదికి ఎవరూ వెళ్లరు. అది సముద్రుడి రోజు. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుంటాయి, మగవాళ్లు వలలు అల్లుకుంటారు. కోల్డ్‌స్టోరుకి చేపలు రావు కనక ఎబో మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను పైకి చదివేవాడు, ఆమె పెన్సిలుతో కొట్టేసేది. సముద్రం మూలిగిన చోటల్లా ఒక వేరుశనగ గింజ గిన్నెలో వెయ్యాలని పందెం. సాయంత్రానికి గిన్నె నిండింది. ఎబో వాటిని దోసిట్లోకి తీసుకుని, ఇంత మూలుగు కడుపులో పెట్టుకుని ఎలా పడుకుంటున్నావే తల్లీ అంటూ సగం ఆమె నోట్లో, సగం తన నోట్లో పోసుకున్నాడు. కిటికీలోంచి చల్లటి గాలి వచ్చింది. ఆ పూట ఆమెకి ఎడిటరంటే భయం పోయింది. తన తప్పు తనే దిద్దుకోవడంలో, దాని ఖరీదు మిగలడంలో, కొత్త కాపురంలో మొదటిసారి చీపురు తెచ్చుకున్నంత సంబరం ఉంది.

నూట నలభయ్యో పేజీ దాకా వచ్చాక ఎబో ఆగాడు. ఇక్కణ్ణించి చదవడానికి నోరు తిరగడం లేదేమిటి అన్నాడు. మాటలు కష్టంగా ఏమీ లేవు, అయినా అన్నాడు. అలిసిపోయి ఉంటావంది మాన్సా. కాగితాలు సర్ది పెట్టేసింది.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. తల మీద గంపలో పొగబెట్టిన చేపలు, ముఖం నిండా చెమట. గంప దించకముందే కబురు చెప్పింది. క్వమెనా మామయ్యకి పుస్తకం సంగతి తెలిసిందట. ఎంత సంతోషించాడంటే, వాకిట్లో నేల మీద నాలుగు చుక్కలు సారా ఒలికించి చనిపోయిన పెద్దలకి చెప్పుకున్నాడట. పుస్తకం విడుదల రోజున అధ్యక్షుడిగా తనే కూర్చుంటాడట. మొదటి ప్రతి వేలం పాటలో ఎవరూ అందుకోలేనంత పాడతాడట.

"ఈ ఆదివారం మన వంశంవాళ్లందరూ ఇంటికి వస్తున్నారు కదా. రెండు పేజీలు చదివి వినిపించమన్నాడు" అంది అమ్మ.

మాన్సా చేపలు గంపలోంచి తీసి పళ్లెంలో పేరుస్తోంది. ఒక చేప తల విరిగి చేతిలో ఉండిపోయింది.

"ఏం రాశావే అందులో?" అంది అమ్మ, అడిగీ అడగనట్టు.

"చేపలవాళ్ల కథ."

"చేపలవాళ్లంటే చాలామందిమి ఉన్నాం."

అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకుంది. తర్వాత, తన గదిమీద రేకు తుప్పుపట్టి చిల్లులు పడిందనీ, వానలు రాకముందే మార్పిస్తానని మామయ్య మాటిచ్చాడనీ, పనివాడు వచ్చి కొలత కూడా తీసుకెళ్లాడనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ కూతురి ముఖంలోకి చూడలేదు, పళ్లెంలో చేపల వైపే చూసింది.

అమ్మ వెళ్లాక మాన్సా గుమ్మం గడియ వేసుకుంది. పట్టపగలు ఆ వాకిట్లో ఎవరూ గడియ వేసుకోరు. తలుపు తట్టి అడగడానికి ఎవరూ రాలేదు కూడా. అయినా పక్కవాటాలో కుర్చీ కిర్రుమంటే ఉలిక్కిపడింది.

*

గురువారం మిసెస్ బ్రూ బల్ల మీద గడియారం లేదు. లోపల పెట్టేశాను, ఇవాళ దానితో పనిలేదు అంది. రాతప్రతి రెండు కట్టలుగా ఉంది, ఒకటి లావుగా, ఒకటి సన్నగా.

"ఒక్కటే అడుగుతాను. నీ ఎసి ఏ రోజున పుట్టింది?"

మాన్సాకి ప్రశ్న అర్థం కాలేదు. ఆదివారం పుట్టిన ఆడపిల్ల ఎసి, శుక్రవారం పుట్టినది ఎఫువా. వాడలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"ఆదివారం" అంది.

"అవును మరి. అలాంటప్పుడు దానికి శుక్రవారంతో ఏం పని?"

మిసెస్ బ్రూ లావు కట్ట విప్పింది. అక్కడక్కడ అంచున చిన్న పెన్సిలు చుక్కలున్నాయి. ఎసి శుక్రవారం తెల్లబట్ట కట్టుకుంది. ఎసి శుక్రవారం చేపల గంప ముట్టలేదు. శుక్రవారం పొద్దున్నే పెండలం ఉడికించి, పామాయిలు పోసి మెత్తగా మెదిపి ఎతో చేసి, మీద ఉడికించిన గుడ్లు పెట్టి, వాకిట్లో పిల్లలందరికీ పంచింది. ఎవరి పుట్టినరోజు వారాన్ని వాళ్లు పాటిస్తారు గానీ, పక్కవాళ్ల వారాన్ని ఎవరూ పాటించరు. మాన్సా ఎన్నిసార్లు చదువుకుందో, ఎన్నిసార్లు దిద్దుకుందో. ఒక్కసారి కూడా కనిపించలేదు. పేరు మార్చింది. వారం మార్చాలని తోచలేదు. ఎందుకంటే ఆ శుక్రవారాలు రాసినవి కావు, తిన్నవి.

"నూట నలభయ్యో పేజీ దాకా ఈ మనిషి శుక్రవారం మనిషి" అంది మిసెస్ బ్రూ. సన్న కట్ట మీద వేలు పెట్టింది. "ఇందులో చూడు. ఆదివారం తెల్లబట్ట, ఆదివారం ఎతో. ఎక్కడా పొరపాటు లేదు. ఈ అరవై పేజీల్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎక్కణ్ణించి కల్పించడం మొదలుపెట్టావో నేను వేలు పెట్టి చూపించగలను."

కొండ కింద వాడలో ఎవరో వల లాగుతూ పాడుతున్నారు. ఆ పాట ఇక్కడిదాకా వస్తోందంటే, ఇక్కడి మాటలు అక్కడిదాకా పోవా అనిపించింది.

"ఆంటీ, మీకు తెలుసా?"

"నాకేం తెలియదు. నేను కాగితం మీద ఉన్నదే చదువుతాను. కానీ వాడలో నేనొక్కదాన్నే చదువుతానా?"

తర్వాత ఆవిడ వైద్యుడు మందులు చెప్పినట్టు మామూలు గొంతుతో చెప్పింది. ఒక దారి ఏమిటంటే, శుక్రవారాలన్నీ ఆదివారాలు చేసుకోవడం. దానికి ఎడిటరు అక్కర్లేదు, ఎబోని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక పూట పని. రెండోది, ఈ అరవై పేజీలనీ తను దిద్దడం. దిద్దచ్చు. ఫ్రిజ్ డబ్బంతా అయిపోతుంది, ఇంకా కొంత కావాలి. దిద్దిన తర్వాత కూడా ఐసులో పెట్టిన చేపలాగే ఉంటుంది, కుళ్లదు, ఈదదు.

"ఇంకో దారి ఉందా?" అంది మాన్సా.

"ఈ అరవై పేజీలూ ఏదో ఒక్క పేజీ రాయకుండా తప్పించుకోడానికి రాసినవి. ఆ ఒక్కటీ రాస్తే ఇవి అక్కర్లేదు. అప్పుడు నా లెక్క కూడా చాలా తగ్గుతుంది. అన్నిటిలోకీ చవకదారి అదే." మిసెస్ బ్రూ కళ్లజోడు తీసింది. రెండూ తీసింది. "రాయమని నేను చెప్పను. వాళ్ల మధ్య బతకాల్సింది నువ్వు. ఆ శుక్రవారం మనిషి ఈ కాగితాలు చూసిందా?"

లేదని తల ఊపింది మాన్సా.

"ఎందుకు చూపించలేదు?"

జవాబు నాలుక చివరదాకా వచ్చింది. మామయ్య భయం, అమ్మ గది, రేకు. కానీ అవేవీ ఈ ప్రశ్నకి జవాబు కావు. సాల్ట్‌పాండ్‌లో కెంకీ ఉండలు అమ్ముకునే మనిషికి చూపించడానికి మామయ్య అడ్డం లేడు. లోకంలో అందరి కన్నా ఆ పెద్దమ్మకే ఎక్కువ భయపడుతున్నానని ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే మాన్సాకి తెలిసింది.

మిసెస్ బ్రూ డబ్బు పుచ్చుకోలేదు. గడియారం తిరగలేదుగా అంది.

*

ఇంటికొచ్చి ముందు చవకైన పిరికిదారే పట్టింది. లావు కట్ట తీసి మొదటి పెన్సిలు చుక్క దగ్గర ఆగి, శుక్రవారం కొట్టేసి పైన ఆదివారం అని రాసింది. వాక్యం పైకి చదువుకుంది. ఆదివారం పొద్దున ఎసి ఎతో చేసింది. ఎవరో తెలియని ఆడమనిషి తమ వాకిట్లోకి వచ్చి పెద్దమ్మ గరిటె పట్టుకున్నట్టు అనిపించింది. రబ్బరుతో చెరిపింది. కాగితం చిరిగింది.

ఎబో వచ్చేసరికి ఆమె నేల మీద వంగి రాస్తోంది. అతను మాట్లాడించలేదు. తెచ్చిన ఐసుగడ్డ చిన్న గిన్నెలో వేసి, నీళ్లు పోసి ఆమె మోకాలి పక్కన పెట్టి, కుంపటి రాజేయడానికి వాకిట్లోకి వెళ్లాడు. ఒక్క పేజీయే. దాన్ని రాయడానికి ఆ సాయంత్రం అంతా పట్టింది. సముద్రం ఒక్కసారి కూడా మూలగలేదు.

దీపాలు పెట్టే వేళకి ఖాళీ గంపతో అమ్మ వచ్చింది. ఆదివారం చదవబోయే రెండు పేజీలూ ఏవో ముందుగా తెమ్మన్నాడట మామయ్య, చదివించుకుని చూసుకుంటాడట. చాప మీద కూర్చుని, చెయ్యి చాచింది.

మాన్సా కాగితం ఇవ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుంది. "నేను చదువుతాను, వినమ్మా. విన్నాక తీసుకెళ్లాలో లేదో నువ్వే చెప్పు" అంది.

చదివింది. అమ్మమ్మ అంత్యక్రియల రోజు. నలుపూ ఎరుపూ బట్టలు కట్టుకుని కూతుళ్లూ మనవరాళ్లూ వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. సాల్ట్‌పాండ్ నుంచి ఎఫువా వచ్చి తన తల్లి శవం ముందు మోకరిల్లి, లేచి తన కుర్చీలో కూర్చుంది. మామయ్య ఏమీ అనలేదు. ఒక మనిషికి కనుసైగ చేశాడు. ఆ మనిషి వచ్చి, ఆవిడని లేవమని, ఆవిడ కూర్చున్న కుర్చీ మడిచి తీసుకెళ్లిపోయాడు. ఎఫువా రోడ్డు దాటి, ఫోను కార్డులు అమ్మే కొట్టు చూరు కింద నిలబడింది. వాన మొదలైంది. వరసలో ఆ కుర్చీ ఉన్న చోట ఖాళీ కనిపిస్తోంది. అటు చెల్లెలు, ఇటు చెల్లెలి కూతురు. ఇద్దరూ ఒకేసారి తమ కుర్చీలు జరుపుకున్నారు. ఖాళీ పూడిపోయింది. రోడ్డు అవతల నుంచి ఎఫువా అది చూసింది.

పేజీ అయిపోయింది. వాకిట్లో కుంపటి మీద ఏదో చిటపటలాడుతోంది. మాన్సా తల ఎత్తలేకపోయింది. ఇప్పుడు అమ్మ లేస్తుంది, గంప తల మీద పెట్టుకుని వెళ్లిపోతుంది, ఇంక ఈ గుమ్మం తొక్కదు. లేదా మామయ్య దగ్గరికే వెళ్తుంది. ఏది జరిగినా ఆపడం తన వల్ల కాదు.

"అది తప్పు" అంది అమ్మ.

"ఏది?"

"ఇద్దరమూ ఒకేసారి జరుపుకోలేదు. ముందు నేను జరిపాను. నన్ను చూసి నువ్వు జరిపావు. ఉన్నది ఉన్నట్టు రాయి."

మాన్సా తలెత్తింది. అమ్మ ఆమెని చూడటం లేదు. కొంగుతో మెడ కూడా తుడుచుకోవడం లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు గోడవైపు చూస్తోంది.

"పేరు ఎఫువా అనే పెట్టావు."

"ఆవిడ వద్దంటే తీసేస్తాను. మొత్తం వద్దంటే మొత్తం తీసేస్తాను. రేపు వెళ్లి చదివి వినిపిద్దామనుకుంటున్నా." ఆ మాట అనేదాకా అలా అనుకుంటున్నట్టు మాన్సాకే తెలియదు.

అమ్మ పెన్సిలు తీసి కూతురి చేతిలో పెట్టింది. మాన్సా ఆ వాక్యం కొట్టేసి, అమ్మ చెప్పినట్టే రాసింది. రాసింది మళ్లీ చదివించుకుని విన్నది అమ్మ. ఇప్పుడు సరిగ్గా ఉందంది.

ఎబో గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. రేపు కోల్డ్‌స్టోరుకి సెలవు పెడతానన్నాడు. మగవాళ్లెందుకు, మేమిద్దరం చాలంది అమ్మ. మాన్సాకి భయం పోలేదు. ఇంతసేపూ తను ఒక్కతే మోస్తున్న గంపని రెండో పక్క ఇంకెవరో ఎత్తి పట్టుకున్నట్టు మాత్రం ఉంది.

"మామయ్య పేజీలేవని అడిగితే ఏం చెప్తావమ్మా?"

అమ్మ లేచి ఖాళీ గంప అందుకుంది.

"రేపు శుక్రవారం అని చెప్తాను" అంది. "పెండలం నువ్వు కొను, మంచిది చూసి. పామాయిలు అక్కడ అక్క దగ్గరే ఉంటుంది. గుడ్లు నేను తెస్తాను. మొదటి వ్యానుకే వెళ్దాం."